వార్డుకింత డిస్కాంబాబ్యులేషన్

నాగరేవు మున్సిపల్ కమిషనర్ విజయసారథి గారు కొండ మీది ఊళ్ళో జరిగిన శిక్షణా తరగతులకు వెళ్ళి, వస్తూ వస్తూ ఒక శాలువా, ఒక జలుబు, ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు. శాలువా భార్యకిచ్చేశారు. జలుబు కషాయానికి తగ్గింది. సిద్ధాంతం మాత్రం ఆఫీసుకొచ్చింది.

ఊళ్ళో కాలవలు పొంగడానికీ, వీధి దీపాలు వెలగకపోవడానికీ, ఇంటి పన్నులు వసూలు కాకపోవడానికీ అసలు కారణం సిబ్బందికి ఇంగ్లీషు మాటలు చాలకపోవడమేనన్నది ఆ సిద్ధాంతం. అందులోనూ మామూలు మాటలు కావు. మామూలు మాటలు మామూలు మనుషులు కూడా వాడతారు. నోరు తిరగని మాట పలికినవాడికి బుర్ర తిరుగుతుందనీ, బుర్ర తిరిగినవాడే పాలన చెయ్యగలడనీ కొండ మీద ఒక నిపుణుడు సెలవిచ్చాడు. సోమవారం పొద్దున్న అందరి బల్లల మీదా సర్క్యులర్ ఉంది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రతి పనిదినమున ఒక విశిష్ట ఆంగ్ల పదము ప్రకటింపబడును. సదరు పదమును ప్రతి ఉద్యోగియు సంభాషణయందును, దస్త్రములయందును విధిగా వాడవలెను. పదముల అర్థములు రెండవ దశలో తెలియజేయబడును."

ఫిర్యాదుల కౌంటర్లో కూర్చునే సీనియర్ అసిస్టెంట్ అనసూయ ఆ చివరి వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. ఆమెది ఊరి తిట్లన్నీ ముందుగా వినే ఉద్యోగం. కాలవ పొంగినా, కుక్క కరిచినా, ఎదురింటివాడు మెట్లు రోడ్డు మీదకి కట్టినా జనం మొదట ఆమె కిటికీ దగ్గరకే వచ్చి అరుస్తారు. ఆమె చివరిదాకా వింటుంది. విన్నాక "రాసుకున్నాను, కూర్చోండి, ఆయాసపడకండి" అంటుంది. ఆ మాటకే సగం మంది చల్లబడి వెళ్ళిపోతారు. అర్థం తెలియకుండా మాట వాడడమన్నది ఇన్నేళ్ళ సర్వీసులోనూ ఆమెకు తటస్థపడలేదు.

మొదటి రోజు పదం కెర్‌ఫఫుల్.

మేనేజర్ భైరాగినాయుడు కళ్ళజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని, "కేరు... పప్పుల్" అన్నాడు. అని, ఎవరైనా వడ్డిస్తారేమోనన్నట్టు చుట్టూ చూశాడు. అటెండర్ పోలయ్య, "నాకు పై పళ్ళు నేవు బాబూ, గాలి ఎలిపోతంది" అని మినహాయింపు అడిగాడు. పళ్ళు లేకపోవడం మినహాయింపుకు తగిన కారణం కాదని కమిషనర్ గారు తేల్చేశారు.

అనసూయ వంతు వచ్చింది. ఆమె భయపడుతూనే నోరు తెరిచింది. మాట పెదాల దగ్గర మొదలై, బుగ్గల్లో గాలి నింపుకుని, నాలుక చివర తుస్సుమని ఆగింది. పొంగిన పూరీని వేలితో పొడిచినట్టుంది. ఆమెకు నవ్వొచ్చింది. అడక్కుండానే మళ్ళీ అంది. కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు.

"చూశారా! ఎంత ధారాళంగా వచ్చిందో! అనసూయ గారూ, మిమ్మల్ని పదాధికారిగా నియమిస్తున్నాను. అదనపు బాధ్యతలు. రోజూ పదం ఎంపిక, ప్రకటన, ఉచ్చారణ పరీక్ష మీవే."

జీతంలో మార్పు లేదు. జీతంలో మార్పు లేని పదవులు ఆ ఆఫీసులో ఎప్పుడూ ధారాళంగానే దొరికేవి.

ఆ సాయంత్రం ఆమె పులుసులో గరిటె తిప్పుతూ "కెర్‌ఫఫుల్" అంది. కూతురు హారిక పుస్తకం పడేసి పరిగెత్తుకొచ్చింది. భర్త సూరిబాబు లారీ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరి మొహాన ఒకరు కెర్‌ఫఫుల్ కెర్‌ఫఫుల్ అనుకుంటూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. "ఏటయిందే మీకు?" అని ఆయన కంగారుపడ్డాడు. హారిక ఫోన్లో చూసి గొడవ, రభస అని అర్థం చెప్పింది. ఆ పిల్ల ఇంకా చాలా మాటలు ఏరింది. బంఫజిల్ అంటే తికమక పెట్టడం. లాలీగాగ్ అంటే పని మానేసి ఊరికే తిరగడం. ఫ్లాబర్‌గాస్ట్ అంటే నోరు వెళ్ళబెట్టించడం. డిస్కాంబాబ్యులేషన్ అంటే అయోమయం, గందరగోళం. చివరిది సూరిబాబు చేత పలికించాలని రాత్రి భోజనమయ్యేదాకా ప్రయత్నించారు. ఆయన "డిస్కో బాబు" దగ్గర ఆగిపోయాడు.

ఇంట్లో ఉన్నంతకాలం ఆ మాటలు సుఖంగానే ఉన్నాయి. ఆఫీసుకెళ్ళాక వాటికి ఉద్యోగం వచ్చింది.

మొదట్లో నష్టం చిన్నదే. పన్నుల విభాగం వాళ్ళు "మీరు సకాలములో లాలీగాగ్ చేయనిచో జరిమానా విధింపబడును" అని ఇళ్ళకు నోటీసులు పంపారు. కొందరు భయపడి పన్ను కట్టారు. కమిషనర్ గారి నమ్మకం బలపడింది. ఉద్యోగులకే ఇంత మేలు జరిగితే ప్రజలకెంత జరగాలి? రెండో సర్క్యులర్ వచ్చింది. ఆనాటి పదం స్పష్టంగా పలికిన పౌరుల ఫిర్యాదులు మాత్రమే స్వీకరించబడును. పదం బయట నల్లబల్ల మీద తెలుగు లిపిలో రాయబడును, ఎందుకంటే కార్యాలయం ప్రజల సౌకర్యానికి కట్టుబడి ఉన్నది.

ఆ వారమే గవ్వలవీధి నుంచి నూకాలమ్మ వచ్చింది. ఆమె రేవు దగ్గర ఎండు చేపలు అమ్ముతుంది. మనిషి సన్నం. గొంతు మాత్రం సముద్రం మీద ఉన్న పడవని వెనక్కి పిలవగలిగేంత.

"అమ్మా, మా ఈదిల కుళాయిల మురుగు వత్తంది. నీల్లు నల్లగొత్తన్నాయి, కంపు. పైపు ఎక్కడో పగిలి కాలవ నీరు కలిసిపోతంది. పిల్లలకి ఒకటే వాంతులు."

అనసూయ కలం తీసింది. పౌరుల ఉచ్చారణ పర్యవేక్షణకని కమిషనర్ గారు పక్కన కూర్చోబెట్టిన భైరాగినాయుడు దగ్గాడు. వారం మొదట్లోనే కమిషనర్ గారు సంతకం పెట్టిన జాబితా ప్రకారం, బల్ల మీద ఆనాటి పదం బంఫజిల్.

"నూకాలమ్మా, ముందు ఆ మాటొకటి అనాలి. బం-ఫ-జిల్."

"అదేటి, దేవుడి పేరా?"

"కాదు. రూలు."

నూకాలమ్మ ప్రయత్నించింది. "బొంపజిల్లు" వచ్చింది. "బంపరు జల్లు" వచ్చింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు సాయం చేశారు. భైరాగినాయుడు విచారంగా తల అడ్డంగా ఊపి, "ఉచ్చారణ అసంతృప్తికరం. రేపు రండి" అన్నాడు. తను కూడా ఆ పదాన్ని ఆ పొద్దున్న అసంతృప్తికరంగానే పలికాడు గాని, ఆయన ఉద్యోగి.

ఆ రాత్రంతా వీధిలో ఆడవాళ్ళు నూకాలమ్మ చేత చదివించారు. మర్నాడు ఆమె కౌంటర్ ముందుకొచ్చి, దమ్ము తీసుకుని, గోడలు అదిరేలా "బంఫజిల్!" అంది. అక్షరం పొల్లుపోలేదు.

బల్ల మీద ఆనాటి పదం ఫ్లాబర్‌గాస్ట్.

నూకాలమ్మ బల్లకేసి చూసింది. అనసూయకేసి చూసింది. "నిన్నటిది సెల్లదా అమ్మా?" అని అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. చిల్లిపడిన నోటు మార్చుకోవడానికి వచ్చినట్టు అడిగింది. అనసూయకు అన్నం తినబుద్ధి కాలేదు ఆ పూట.

మూడో మాటు నూకాలమ్మ రాలేదు. మనవడు ఆస్పత్రిలో సెలైను కింద ఉన్నాడని ఆ వీధి నుంచి వచ్చిన ఇంకో ఆవిడ చెప్పింది. ఆవిడ కూడా ఆనాటి పదం పలకలేక వెళ్ళిపోయింది.

అనసూయ లేచి నేరుగా కమిషనర్ గారి గదికి వెళ్ళింది. ఆయన గోడ మీది బొమ్మకేసి మురిపెంగా చూస్తున్నారు. ఫిర్యాదుల సంఖ్యను చూపే ఎర్రగీత అది. కొండ మీంచి జారుబండ వేసినట్టు కిందికి దిగింది.

"చూశారా అనసూయ గారూ, పద విధానం మొదలుపెట్టాక ఊళ్ళో సమస్యలు ఎలా తగ్గిపోయాయో! ఇదే ఊపు సాగితే నెలాఖరుకి సున్నా."

"సమస్యలు తగ్గలేదు సార్. చెప్పనివ్వడం లేదు. గవ్వలవీధిలో మంచినీళ్ళలో మురుగు కలుస్తోంది. పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు."

"ఫిర్యాదు నమోదైందా?"

"పదం పలకలేకపోయారు సార్."

"నమోదు కాని సమస్యను పరిష్కరించడం విధివిధానాలకు విరుద్ధం కదండీ. రేపు ఆడిట్ వాళ్ళడిగితే, లేని సమస్యకు పైపు ఎందుకు వేశారంటే ఏం చెప్పాలి?"

ఆయన మొహంలో క్రూరత్వమేమీ లేదు. నిజంగానే సమాధానం కోసం ఎదురు చూస్తున్నట్టున్నారు. అనసూయ బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. తర్వాత కాగితం తీసింది. తెలుగులో "పైపు పగిలింది" అని రాస్తే అది ఇంజనీరు ఏఈ గారి బల్ల కిందికి పోతుందని ఆమెకు తెలుసు. హారిక చెప్పిన మాటల్లో అన్నిటికంటే పొడుగైనది ఎత్తుకుంది.

"గవ్వలవీధియందు జలసంబంధ డిస్కాంబాబ్యులేషన్ తీవ్రస్థాయికి చేరినది. తక్షణ నివారణ నిమిత్తం భూగర్భ గొట్టపు మార్పిడికి అనుమతి కోరడమైనది."

కాగితం కమిషనర్ గారి ముందుకు వెళ్ళింది. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. అర్థం అడగాలంటే తనకు తెలియదని ఒప్పుకోవాలి. అంతటి పదాన్ని ఆపితే రేపు ఎవరేమంటారో! ఆయన గబగబా సంతకం పెట్టి, కింద ఎర్ర సిరాతో "అత్యవసరం" అని కూడా రాశారు. ఏఈ శేషగిరికి కూడా ఆ మాట తెలియదు. కానీ భూగర్భ గొట్టమంటే తెలుసు. మర్నాడే మనుషులొచ్చారు, వీధి తవ్వారు, పగిలిన ముక్క తీసి కొత్తది వేశారు. సాయంత్రానికి కుళాయిలో నీళ్ళు తేటగా వచ్చాయి. రెండు రోజులకు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనవణ్ణి చంకనేసుకుని నూకాలమ్మ కౌంటర్ దాకా వచ్చింది. మాట్లాడకుండా పొట్లం ఒకటి కిటికీలోంచి తోసి వెళ్ళిపోయింది. ఆఫీసంతా ఎండు నెత్తళ్ళ వాసన. అనసూయ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

అక్కడితో ఆగితే అది మున్సిపాలిటీ కాదు.

పక్క వార్డు కౌన్సిలర్ పొట్నూరు గణపతికి కబురు అందింది. గవ్వలవీధికి ఏదో వచ్చింది. పెద్ద ఇంగ్లీషు పేరుందట. ఒక్క రోజులో మంజూరైందట. తన వార్డుకు రాలేదు. ఆయన అనుచరులతో వచ్చి ఆఫీసు గేటు ముందు బైఠాయించాడు.

"డిస్కంబబులేసన్ గవ్వలవీదికేనా? మా వార్డోల్లు మనుసులు కారా? మేం పన్నులు కట్టట్లేదా?"

ఆ వార్డు పన్నుల సంగతి పన్నుల విభాగానికి బాగా తెలుసు. మర్నాటికి మిగతా కౌన్సిలర్లు కూడా చేరారు. బ్యానర్లు కట్టారు. ఒక్కో బ్యానర్ మీద ఆ మాట ఒక్కో రకంగా ఉంది గాని, కోరిక మాత్రం ఒక్కటే. ఊళ్ళో రిక్షావాళ్ళు, టీ కొట్టువాళ్ళు కూడా తమకింకా డిస్కాంబాబ్యులేషన్ అందలేదని బాధపడ్డారు. ఒక ముసలాయన పింఛన్ కౌంటర్ దగ్గరకొచ్చి, అది వయసు మళ్ళినవాళ్ళకి ముందిస్తారా అని అడిగాడు.

కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. విషయం రాజధాని దాకా వెళ్ళడంతో పైనుంచి మున్సిపల్ శాఖ డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి వేదిక మీద కూర్చున్నారు. వెండి జుట్టు, మెత్తని గొంతు. కౌన్సిల్ హాలు కిక్కిరిసింది.

"ప్రాంతీయ అసమానతలను ప్రభుత్వం సహించదు," అన్నారు డైరెక్టర్ గారు. "ఒక వీధికి అందిన ఫలం అన్ని వీధులకూ అందాలి. డిస్కాంబాబ్యులేషన్‌ను సమగ్రంగా, సత్వరంగా, పారదర్శకంగా ప్రతి గడపకూ చేర్చడమే మన ధ్యేయం."

చప్పట్లు మోగాయి. అనసూయ గోడవారగా కూర్చుని ఉంది. ఆమె తెచ్చిపెట్టిన మాట అది. ఊరుకుంటే ఊరంతా తవ్వుతారు. లేచి నిలబడితే ఉద్యోగం ఊడుతుంది. భైరాగినాయుడు ఆమె కొంగు పట్టుకుని "కూకోండి మేడమ్" అని గుసగుసలాడాడు. ఆమె కొంగు లాక్కుని లేచింది.

"సార్, ఒక్క మనవి. ఆ మాటకు అర్థం అయోమయం. గందరగోళం. గవ్వలవీధికి మనం చేసింది పైపు బాగు చెయ్యడం, అంతే. మాట నేను రాశాను. అలా రాస్తేగాని కాగితం కదలదని రాశాను. తప్పు నాదే. దయచేసి ఇక్కడితో ఆపెయ్యండి."

కమిషనర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. డైరెక్టర్ గారు కాస్త ముందుకు వంగారు.

"అర్థములు రెండవ దశలో కదా?" అన్నారు మెత్తగా. "మొదటి దశ పూర్తి కాకుండానే అర్థం బయటపెట్టడం..."

ఆయన ముగించలేదు. గణపతి లేచి బల్ల గుద్దాడు.

"అయితే ఏటండీ? గందరగోళమైతే మాత్తరం మాకు వద్దంటామా? గవ్వలవీదికి ఎంత గందరగోళం ఇచ్చారో మా వార్డుకీ అంతా ఇవ్వాల! గజం తక్కువైనా ఊరుకోం!"

"ఇవ్వాల! ఇవ్వాల!" అని మిగతావాళ్ళు అందుకున్నారు.

అన్ని వార్డులకూ సమానంగా గందరగోళం పంపిణీ చెయ్యాలని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. పార్టీలకతీతంగా ఆ హాల్లో అందరూ చేతులెత్తడం అదే మొదలని పాతవాళ్ళు చెప్పారు. అనసూయకు పదాధికారి పదవి పోయింది, మెమో వచ్చింది. పదవిని భైరాగినాయుడికిచ్చారు.

పనులు మొదలయ్యాయి. గవ్వలవీధిలో జరిగింది తవ్వకం కనక అన్ని వీధుల్లోనూ తవ్వారు. తవ్వాక కింద పైపు బాగానే ఉన్నట్టు తేలితే, దాన్ని పైకి తీసి బాగానే ఉందని ఫోటో తీయించి మళ్ళీ పెట్టారు. పెళ్ళి ఊరేగింపులు గుంటల అంచున ఒంటికాలి మీద నడిచాయి. బడి పిల్లల్ని తండ్రులు భుజాలెక్కించుకుని గట్లు దాటించారు. గణపతి తన ఇంటి ముందు గుంట అందరికంటే లోతుగా ఉందని వచ్చిపోయేవాళ్ళకు చూపించుకున్నాడు.

చివరికి గవ్వలవీధి వంతు. నూకాలమ్మ గునపాలకు అడ్డంగా నిలబడింది. "మాకు ఇచ్చేసినారు బాబూ, మాకొద్దు" అని మొత్తుకుంది. ఏఈ శేషగిరి తల గోక్కుని, అది పాత పథకం కింద వచ్చిందనీ, కొత్త పథకం కింద ఆ వీధికి ఇంకా బాకీ ఉందనీ చెప్పాడు. మంజూరైనదాన్ని వెనక్కి తీసుకునే నిబంధన లేదు. మొదటి పోటుకే కొత్త పైపు పగిలింది. పక్కనున్న కాలవ గట్టు కూడా తెగి మురుగంతా పైపులో పడింది. ఫోటో తీయించి పూడ్చేశారు.

రెండు రోజులు పోయాక, కౌంటర్ ముందు నూకాలమ్మ మళ్ళీ కనబడింది. ఈసారి వెనక వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. చేతిలో మూతపెట్టిన స్టీలు క్యాను. బల్ల మీద భైరాగినాయుడు రాయించిన ఆనాటి పదం ఏదో ఉంది. నూకాలమ్మ బల్లకేసి చూడను కూడా లేదు.

"అమ్మా, మల్లీ నల్లగొత్తన్నాయి. పిల్లోడికి మల్లీ జొరం. ఏటి సెయ్యమంటావు?"

"రండి నాతో," అంది అనసూయ.

ఆమె కౌంటర్ కిటికీ మూసేసి, క్యాను తను అందుకుని, నడవా వెంట నడిచింది. ఆడవాళ్ళు వెనకే నడిచారు. పోలయ్య కమిషనర్ గారి తలుపు దగ్గర నిలబడ్డాడు గాని, ఆపాలా వద్దా అని ఆలోచించి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

విజయసారథి గారు డైరెక్టరేట్‌కు పంపే నివేదిక దిద్దుతున్నారు. తలెత్తి, ఇంతమంది ఆడవాళ్ళను చూసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఇది పద్ధతి కాదు అనసూయ గారూ. మీమీద ఇప్పటికే మెమో ఉంది. సమస్య ఏదైనా సరే, దాన్ని సముచితమైన పదంతో నిర్వచించి, సరైన మార్గం ద్వారా..."

"పదం నాకు దొరకడం లేదు సార్," అంది అనసూయ. "మీరే చూసి చెప్పండి. మీరు ఏ పదమంటే అదే రాస్తాను."

అనసూయ ఆయన బల్ల మీది గాజు గ్లాసు తీసి, క్యాను మూత తిప్పి, వంచింది. నల్లటి నీళ్ళు బుడగలతో గ్లాసు నిండాయి. ఏదో సన్నటి పురుగు పైకి తేలి, నివేదిక అంచుకేసి ఈదింది. వాసన ఫైళ్ళ బీరువా దాకా పాకింది. ఫ్యాను దాన్ని గది నాలుగు మూలలకూ సమానంగా పంచింది.

కమిషనర్ గారు గ్లాసులోకి చూశారు. కొండ మీద నేర్చుకున్న మాటల కోసం ఆయన పెదాలు ఒకసారి కదిలాయి. తర్వాత కడుపులోంచి, చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న మాట తన్నుకొచ్చింది.

"ఛీ! ఛీ ఛీ! తియ్యండవతలికి! మనుషులు తాగే నీళ్ళా ఇవి?"

"అదే బాబూ," అంది నూకాలమ్మ. "ఇన్నాల్లబట్టీ మేం సెప్తన్నది అదే."

ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఫోను తీసి ఏఈ శేషగిరికి చేశారు. తెలుగులో నాలుగంటే నాలుగే మాటలన్నారు. అందులో మూడు దస్త్రాల్లో రాయదగినవి కావు.

శేషగిరికి ఒక్కసారికే అర్థమైంది.